కొలతకూ మందుకూ మధ్య

(డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం - ముద్రిత పాఠం)

సుబ్బారావుగారి స్మారకోపన్యాసాన్ని ఆయన పుట్టిన ఊళ్ళోనే చేసే అవకాశం నాకు దక్కింది.

1895 జనవరి 12న ఈ భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకుని, మద్రాసులో వైద్యవిద్య పూర్తిచేసి, అమెరికాలో పరిశోధనకే బతుకు ధారపోసి 1948 ఆగస్టులో న్యూయార్కులో కన్నుమూసిన ఆ మహనీయుడి జీవితం ఈ సభకు తెలియనిది కాదు. దాన్ని మళ్ళీ మొదటినుంచీ చెప్పబోను. ఆయన కృషికి రెండు కొసలున్నాయి. వాటిని మాత్రం గుర్తుచేసి నా విషయానికి వస్తాను.

మొదటి కొస ఒక కొలత. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన రక్తంలోనూ ఇతర శరీర ద్రవాల్లోనూ ఉండే భాస్వరాన్ని రంగు గాఢతనుబట్టి లెక్కగట్టే పద్ధతిని ప్రకటించారు. ఆ పద్ధతి ఇప్పటికీ ఫిస్క్-సుబ్బారావు పేరుతోనే చలామణిలో ఉంది. రెండో కొస ఒక మందు. లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వాన జరిగిన పరిశోధనల నుంచి 1947 ప్రాంతంలో డైఈథైల్ కార్బమజీన్ వెలువడింది. బోదకాలు వ్యాధికి మూలమైన క్రిముల మీద పనిచేసే ఆ మాత్ర, ఆయన పోయిన తరవాత దశాబ్దాలకు, సామూహిక పంపిణీలో భాగంగా మన గోదావరి జిల్లాల ఇళ్ళ గుమ్మాల దాకా వచ్చింది. మురుగు నిలిచిన చోటల్లా దోమ పెరిగే ఈ నేలకు బోదకాలు ఎంత పాత చుట్టమో పెద్దవాళ్ళకు తెలుసు. ఆ క్రిమి పిల్లలు రాత్రిపూటే రోగి రక్తంలోకి వస్తాయి. అందుకని ఫైలేరియా సిబ్బంది స్లైడ్లు పట్టుకుని చీకటిపడ్డాక ఇల్లిల్లూ తిరిగి, నిద్రకు ఉపక్రమించినవాళ్ళను లేపి, వేలు గుచ్చి రక్తపు చుక్క తీసుకునేవారు. ఆ చుక్కలో క్రిమి కనిపిస్తే మాత్ర ఇచ్చేవారు. కొలిచిన చేతికీ మందిచ్చిన చేతికీ మధ్య తెగని లంకె ఉండేది.

ఈనాటి విషయం వైద్యంలో వైర్‌లెస్ సాంకేతికత. చేతికి చుట్టుకుంటే రీడింగును ఫోనుకు పంపే బీపీ యంత్రం, చర్మానికి అతికించుకుంటే రోజంతా షుగరు చూపించే సెన్సరు, గుండె లయను పట్టే చేతి గడియారం, మంచం పక్కన పెట్టిన చిన్న పెట్టె ద్వారా ఆసుపత్రికి కబురందించే పేస్‌మేకరు, ఆశా కార్యకర్త చేతిలోని ట్యాబ్ - ఇవన్నీ దాని కిందికి వస్తాయి. ఇవి రోగికీ డాక్టరుకూ మధ్య దూరాన్ని తగ్గించాయని అందరూ అంటారు. అది నిజమే. అయితే కొలతకూ మందుకూ మధ్య మరో దూరం ఉంది. రేడియో తరంగం ఆ దూరాన్ని తనంత తానుగా దాటలేదు. దాన్ని దాటించేది మనిషి, జీతం, మందుల బీరువా, వీటి బాధ్యత మోసే యంత్రాంగం. నేను ప్రతిపాదించదలచుకున్నది ఇదొక్కటే. ఇందుకు సాక్ష్యం కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. గడచిన ఇరవయ్యేళ్ళలో ఈ డెల్టాలో జరిగింది చూస్తే చాలు.

దూరాన ఉన్న గుండెను వినాలన్న కోరిక కొత్తది కాదు. 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఐంథోవెన్, ఆసుపత్రిలో ఉన్న రోగి ఈసీజీని కిలోమీటరున్నర దూరంలోని తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ మీద రప్పించుకున్నాడు. 1940ల చివర్లో అమెరికాలో నార్మన్ హోల్టర్ తీగను తీసేశాడు. ఆయన రేడియో పరికరం వీపున మోయాల్సిన దాదాపు 38 కిలోల బరువు. ఈరోజు అదే పని జేబులో పట్టే యంత్రం చేస్తోంది. మన రాష్ట్రంలో చెప్పుకోదగ్గ తొలి అడుగు చిత్తూరు జిల్లా అరగొండలో పడింది. 2000 మార్చిలో ఆ పల్లె ఆసుపత్రిని ఉపగ్రహం ద్వారా నగరంలోని నిపుణులతో కలిపారు. అప్పట్లో హైదరాబాదు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటన్ దానికి ప్రారంభోత్సవం చేశారు. ఈ చరిత్రను ఇంతటితో వదిలి డెల్టాకు వస్తాను.

డెల్టా పల్లెల్లో మనుషులు దేనివల్ల చనిపోతున్నారన్నది మొదట తెలియాలి. 2003-04లో ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరిట రెండు గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్, కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ అనే సంస్థలు అందులో పాలుపంచుకున్నాయి. ఆ గ్రామాల జనాభా సుమారు 1.80 లక్షలు. ఏడాదిలో నమోదైన మరణాలు 1,354. పల్లెలో చావుకు డాక్టరు సర్టిఫికెట్ ఉండదు. అందుకని శిక్షణ పొందిన కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్ళకు వెళ్ళి, చివరి రోజుల్లో ఏమేం లక్షణాలు కనిపించాయో కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలనుబట్టి వైద్యులు కారణాన్ని నిర్ణయించారు.

తేలినదేమిటంటే, మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించాయి. గుండెపోటు, పక్షవాతం రెండూ ఇంచుమించు సమానంగా అందులో ఉన్నాయి. గాయాలు, ప్రమాదాల వాటా 13 శాతం. పల్లెటూరి జబ్బులని మనం పేరుపెట్టిన అంటురోగాల వాటా 12 శాతమే. పల్లె అంటే మలేరియా, విరేచనాలు, క్షయ అన్న పాఠం చదువుకుని వచ్చిన తరానికి ఇది గట్టి కుదుపు. ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటినుంచి రెండు పంటల వరి, కొబ్బరి, ఆ తరవాత చేపల చెరువులు తెచ్చిన కలిమి కడుపు నింపింది. ఆయుర్దాయం పెరిగింది. ఆ పెరిగిన వయసుతోపాటు బీపీ, షుగరు వచ్చి కూర్చున్నాయి.

ఈ జబ్బుల స్వభావాన్ని ఇక్కడ గమనించాలి. జ్వరం వస్తే ఒళ్ళే చెబుతుంది. బీపీ చెప్పదు. పొలం గట్టు మీద పడిపోయే రోజుదాకా రోగికి తాను రోగినని తెలియదు. అందువల్ల మనిషిని ఆరోగ్యంగా ఉన్నప్పుడే కొలవాలి, నెలనెలా కొలవాలి, బతికినంతకాలం కొలవాలి. ఇందుకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) నడిచే ఓపీ చాలదు. యంత్రం గడపలోకి రావాలి. వైర్‌లెస్ వైద్యానికి ఈ నేల మీద ఉన్న అసలు అవసరం ఇదే. కొనుగోలుదారుల మోజు తరవాతి సంగతి.

అవసరాన్ని గుర్తించిన తొలి ప్రయత్నం ఈ భీమవరం కేంద్రంగానే జరిగింది. 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చంది. బైర్రాజు ఫౌండేషన్ ఆ వెసులుబాటును అందిపుచ్చుకుని అశ్విని పేరుతో పశ్చిమగోదావరి పల్లెలను వైఫైతో కలిపింది. నలుగురు కూర్చునే గదికోసం పుట్టిన వైఫైని కిలోమీటర్ల దూరం లాగడం చిన్న సంగతి కాదు. పంపిన కబురు అందిందన్న జవాబు కోసం పరికరం లిప్తపాటు కూడా ఆగదు. దూరం పెరిగి జవాబు ఆలస్యమైతే కబురు చేరలేదనుకుని మళ్ళీ పంపుతుంది. మన నేల బల్లపరుపుగా ఉండటం ఒక సౌలభ్యమే గాని, తరంగానికి అడ్డంగా కొబ్బరి తోటలు నిలబడతాయి. చెట్టు తలను దాటేంత ఎత్తున టవరు కట్టాలి. ఈ చిక్కుల మీద ఐఐటీ పరిశోధకులు పనిచేశారు. గ్రామీణ వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద వచ్చిన పరిశోధన పత్రాల్లో అశ్విని పేరు కనిపిస్తుంది. ఊళ్ళో తెర ముందు కూర్చున్న రోగితో దూరాన ఉన్న నిపుణుడు మాట్లాడగలిగాడు. స్మార్ట్‌ఫోను ఇంకా ఎవరి చేతికీ రాని రోజుల్లో జరిగిన పని ఇది. దానికి తగినంత గౌరవం దక్కలేదనే నా అభిప్రాయం.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఖాతాల మోసం బయటపడింది. ఆ సంస్థ అధినేత కుటుంబమే బైర్రాజు ఫౌండేషన్‌కు ఊపిరి. ఆ ఊపిరి ఆగేసరికి కార్యక్రమాలు కుంచించుకుపోయాయి. దీని పక్కన మరో ఉదాహరణ పెట్టి చూడండి. అదే కుటుంబం చేతులమీదుగా 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవ ఈ తుపానును తట్టుకుంది. నిర్వహణ మరో సంస్థ చేతికి వెళ్ళింది, వాహనాలు మాత్రం ఆగలేదు. ఎందుకంటే అప్పటికే దాని ఖర్చులో సింహభాగం ప్రభుత్వ బడ్జెట్లో చేరిపోయింది. ఒక అంబులెన్సును జనం తమ హక్కుగా అడగడం నేర్చుకున్నారు. గ్రామంలోని టవరును మాత్రం దాతృత్వంగానే చూశారు. సాంకేతికంగా చూస్తే అశ్విని తక్కువదేమీ కాదు. దాని వెనక రేపటి జీతానికి పూచీపడే ఖజానా లేకపోయింది. అంతే తేడా.

రెండో అధ్యాయం స్మార్ట్‌హెల్త్. ఈసారి జార్జ్ ఇన్‌స్టిట్యూట్ టవర్ల జోలికి పోలేదు. అప్పటికే వచ్చిన మొబైల్ నెట్‌వర్కును వాడుకుంది. ఆశా కార్యకర్త చేతికి ట్యాబ్, బీపీ యంత్రం ఇచ్చారు. ఆమె ఇంటికి వెళ్ళి వయసు, పొగతాగే అలవాటు, బీపీ, షుగరు నమోదు చేస్తే, రాబోయే పదేళ్ళలో గుండెపోటో పక్షవాతమో వచ్చే ముప్పు ఎంతో ట్యాబ్ లెక్కవేసి రంగులో చూపిస్తుంది. సిగ్నలు లేకపోయినా పని ఆగదు. దొరికినప్పుడు వివరాలు సర్వరుకు చేరతాయి. పీహెచ్‌సీ డాక్టరు తన ట్యాబ్‌లో వాటిని చూసి మందు రాస్తాడు. మొదట 11 మంది ఆశాలు, ముగ్గురు డాక్టర్లు, 292 మంది గ్రామస్తులతో పరీక్షించి 2014లో ఫలితాలు ప్రకటించారు. ఆశాలు దాన్ని చక్కగా వాడగలిగారు. ఆ మీదట పశ్చిమగోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీలు, 54 గ్రామాల్లో పెద్ద ఎత్తున శాస్త్రీయ పరీక్ష నడిపారు. ఏ పీహెచ్‌సీకి ఎప్పుడు ఈ విధానం ఇవ్వాలో చీటీ వేసినట్టు నిర్ణయించి, ఇచ్చినచోటునూ ఇంకా ఇవ్వనిచోటునూ పోల్చారు.

ఆ ఫలితం 2019లో అచ్చయింది. ఈ సభలోని ప్రతి ఒక్కరూ దాన్ని తెలుసుకోవాలి. ఆశాలు వేలాదిమందిని పరీక్షించారు. ముప్పు ఎక్కువగా ఉన్నవారి ఇళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. కానీ వాళ్ళు వెళ్ళమన్నవారిలో డాక్టరు దాకా చేరినవాళ్ళు సగం కన్నా తక్కువ. బీపీ అదుపులోకి వచ్చినవారి నిష్పత్తిలో, విధానం అమలైనచోటుకూ కానిచోటుకూ మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. మందుల సరఫరాలో లోటు, సిబ్బంది కొరత వంటి కారణాలను పరిశోధకులే ముందుకు తెచ్చారు.

దీన్ని కొందరు సాంకేతికత ఓటమిగా చదువుతారు. నేనలా చదవను. తమకు అనుకూలం కాని ఫలితాన్ని దాచకుండా ప్రకటించినందుకు ఆ పరిశోధకులకు మనం రుణపడి ఉన్నాం. ట్యాబ్ తన పని చేసింది, ఆశా తన పని చేసింది. ధవళేశ్వరంలో నీళ్ళొదిలినంత మాత్రాన శివారు ఆయకట్టు తడవదని ఇక్కడి రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైనున్న కాలువ ఎంత గొప్పదైనా చివరి పిల్లకాలువ పూడిపోతే కొస పొలం ఎండుతుంది. ఆ 54 గ్రామాల్లో పూడిపోయినది ఆశా గడపకూ డాక్టరు కుర్చీకీ, డాక్టరు చీటీకీ మాత్రల డబ్బాకూ మధ్యనున్న ఆఖరి భాగం. రోజుకూలీ మానుకుని పీహెచ్‌సీకి వెళ్ళిన మనిషికి అక్కడ డాక్టరు కనిపించకపోతే, కనిపించినా పదిరోజుల మాత్రలే ఇచ్చి పంపిస్తే, రెండోసారి ఎందుకు వెళతాడు? ఊళ్ళోని ఆర్‌ఎంపీ సాయంత్రం ఏడింటికి కూడా తలుపు తీస్తాడు. బీపీ మాత్ర ఖరీదైనది కాదు. దానికోసం పోగొట్టుకునే రోజు ఖరీదైనది.

అప్పటినుంచి పరిస్థితి చాలా మారింది. 2016 చివర్లో కోనసీమలోని మోరి గ్రామానికి ఫైబర్ తీగ ఇంటింటికీ వచ్చింది. 2019లో మన రాష్ట్రంలో ఈ-సంజీవని టెలివైద్య సేవ మొదలై, దేశంలోనే అత్యధికంగా టెలి సంప్రదింపులు జరిపిన రాష్ట్రాల వరసలో మనల్ని నిలబెట్టింది. గ్రామ స్థాయి ఆరోగ్య కేంద్రంలోని సిబ్బంది తెరమీద దూరాన ఉన్న హబ్ కేంద్రపు డాక్టరును పిలవగలరు. 2021 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ప్రతి పౌరుడికీ ఆరోగ్య ఖాతా సంఖ్య ఇస్తోంది. 2023లో రాజమహేంద్రవరానికి, ఏలూరుకు ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇవి సంతోషించాల్సిన విషయాలే. నా అభ్యంతరమల్లా మనం లెక్కపెట్టే తీరు మీద. ఎన్ని సంప్రదింపులు జరిగాయో, ఎన్ని ఖాతాలు తెరిచారో రోజువారీ పట్టికల్లో వస్తుంది. ఎంతమంది బీపీ అదుపులో ఉందన్న లెక్క ఆ పట్టికల్లో నాకు కనిపించలేదు. లెక్కలోకి వచ్చిన పనికే సిబ్బంది పరిగెత్తుతారు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు.

సంపన్నుల ఇళ్ళలో మరో దృశ్యం ఉంది. భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు పిల్లలు అమెరికాలో స్థిరపడ్డ ఇళ్ళు వందల్లో ఉంటాయి. తల్లి చేతికి గడియారం, తండ్రి భుజానికి షుగరు సెన్సరు. తెల్లవారుజామున నాన్నగారి షుగరు పడిపోతే టెక్సాస్‌లో ఉన్న కొడుకు ఫోను మోగుతుంది. అదే వీధిలో రెండిళ్ళవతలున్న నర్సుకు తెలియదు. ఆ కొడుకు చేయగలిగిందల్లా పక్కింటివాళ్ళకు ఫోను చేసి, కాస్త పంచదార నీళ్ళు పట్టించమనడమే. సముద్రాలు దాటగలిగిన సంకేతం వీధి దాటలేకపోయింది. డబ్బుతో పరికరం కొనవచ్చు గాని, పరికరానికి బదులు పలికే వ్యవస్థను ఏ ఒక్క ఇల్లూ విడిగా కొనుక్కోలేదు.

కోవిడ్ రెండో ఉద్ధృతిలో, అంటే 2021 వేసవిలో, ఆక్సీమీటరు మన ఇళ్ళలో థర్మామీటరంత మామూలు వస్తువైంది. రాష్ట్రంలో అత్యధిక కేసులు నమోదైన జిల్లా తూర్పుగోదావరి. ఆక్సిజన్ శాతం 94 కన్నా తగ్గితే ఆసుపత్రికి వెళ్ళాలని పల్లెటూరి ముసలమ్మకు కూడా తెలిసింది. ఒక వైద్య కొలత ఇంత వేగంగా జనం నోటికెక్కడం అంతకుముందు ఎన్నడూ లేదు. కానీ అంకె తగ్గాక పడక దొరికినవాళ్ళకే ఆ జ్ఞానం ఉపకరించింది. ఇంకో సంగతి. నల్లని చర్మం మీద ఆక్సీమీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపించి ప్రమాదాన్ని దాచిపెట్టే అవకాశం ఉందని 2020లో అమెరికా అధ్యయనం ఒకటి హెచ్చరించింది. ఎండలో నాట్లు వేసే మన కూలీల చర్మం మీద ఈ యంత్రాలను సరిచూశారా అని కొనేముందు అడగాల్సినవాళ్ళు అడగాలి.

తుపానును మరచి ఈ తీరంలో ఏ వ్యవస్థనూ ఊహించకూడదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను ఊడ్చేసిన తుపానులో కొబ్బరి చెట్లతోపాటు టెలిఫోను, కరెంటు స్తంభాలూ కూలాయి. 1986 ఆగస్టు, 2022 జులై వరదల్లో లంక గ్రామాలకు పడవే దిక్కైంది. వైద్యం అత్యవసరమైన రోజునే టవరు మూగబోతుంది. అందువల్ల సిగ్నలు లేనప్పుడు కూడా పనిచేయడం, వివరాలు తనలోనే దాచుకోవడం, ఆశాకు కాగితం మీద కూడా జాబితా ఉండటం - ఇవి ఇక్కడ కనీస షరతులు. వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన గర్భిణులెవరో, డయాలసిస్ వారెవరో, ఇన్సులిన్ వాడేవారెవరో ఆ జాబితానుబట్టి ముందే గట్టు దాటించవచ్చు. వైర్‌లెస్ పరికరాల వల్ల డెల్టాకు కలిగే అతి పెద్ద ఉపకారం బహుశా ఇదే కావచ్చు. దీని గురించి మాట్లాడేవారు తక్కువ.

గోప్యత గురించి ఒక్క మాట. 2017లో అమెరికాలో 4 లక్షల 65 వేల పేస్‌మేకర్లకు, బయటివారు చొరబడే వీలుందన్న భయంతో, సాఫ్ట్‌వేరు మార్చాల్సి వచ్చింది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్లు దాడికి గురై ఆసుపత్రి రోజుల తరబడి కాగితాల మీద నడిచింది. 2023లో మనకు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. పల్లెలో మాత్రం రహస్యం పొక్కడానికి ఇంత హంగామా అక్కర్లేదు. ట్యాబ్ పట్టుకున్న మనిషి అదే వీధి ఆడపడుచు. క్షయ సోకిన కోడలి పేరు, హెచ్‌ఐవీ ఉన్న యువకుడి పేరు అరుగు మీదికి రావడానికి ఒక నోరు చాలు. ఆశాలకు ఈ విషయంలో శిక్షణ ఇవ్వడం ఎంత ముఖ్యమో, వాళ్ళను అందుకు తగిన ఉద్యోగులుగా గౌరవించడం అంతే ముఖ్యం. 2019లో ఆశాల గౌరవ వేతనం పది వేల రూపాయలైంది. ఇప్పటికీ దాని పేరు గౌరవ వేతనమే. వ్యవస్థ మొత్తాన్ని మోసే మనిషిని స్వచ్ఛంద కార్యకర్తగా ఉంచి, ఆమె చేతిలోని యంత్రానికి మాత్రం వారంటీ రాయించుకుంటున్నాం.

సుబ్బారావుగారు భాస్వరాన్ని కొలిచినంతటితో ఆగి ఉన్నా జీవరసాయన చరిత్రలో ఆయన పేరు నిలిచేది. ఆయన ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం నుంచి మెథోట్రెక్సేట్ దాకా, ఆరియోమైసిన్ నుంచి బోదకాలు మాత్ర దాకా, ఆయన నడిపిన ప్రయోగశాల ప్రతి కొలతనూ ఒక మందు వైపు నడిపించింది. ఆయన స్మృతికి మనం చేయగల పని ఆ దారిని ఈ పల్లెల్లో పూర్తిచేయడం.

కాబట్టి ఆరోగ్యశాఖ అధికారులకు నా విన్నపం. గ్రామాల్లోకి వచ్చే ప్రతి పరికరం అంచనాలో కొనుగోలు ధర పక్కనే ఐదేళ్ళ బ్యాటరీలు, ఏటేటా సరిచూసే ఖర్చు, దాన్ని వాడే ఆశా వేతనం, ఆ పరికరం గుర్తించే రోగులకు నెలకు సరిపడా మాత్రలు కూడా రాయండి. అవి రాయలేని పథకాన్ని మొదలుపెట్టకండి. ఈ జిల్లాల ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు మరో విన్నపం. ఆరోగ్య పరికరాల మీద ఏటా ఎన్నో ప్రాజెక్టులు చేస్తున్నారు. తయారుచేసేముందు ఒక వారం దగ్గర్లోని పీహెచ్‌సీలో ఆశా వెంట తిరగండి. మీ యంత్రం హెచ్చరిక పంపితే అది ఎవరి ఫోనుకు వెళుతుందో, ఆ మనిషి ఎన్ని గంటల్లో ఏం చేయగలరో మీ నివేదిక మొదటి పేజీలో రాయండి. ఇక ప్రతి పీహెచ్‌సీ గోడమీద ప్రతినెలా రెండు అంకెలు రాయించాలని ఈ వేదిక నుంచి కోరుతున్నాను: బీపీ అదుపులో ఉన్నవారెందరు, ఆ నెలలో బీపీ మాత్రలు లేని రోజులెన్ని. ఈ రెండింటికీ ఇంటర్నెట్టు అక్కర్లేదు, సుద్దముక్క చాలు. వచ్చే నెలనుంచే మొదలుపెట్టవచ్చు.